మాట కొసన ఉంది కిటుకు

కొత్త భాష నేర్చుకునేవాళ్లలో చాలామంది ఒకే చోట ఆగిపోతారు. మొదటి నెల హుషారుగా గడుస్తుంది. పలకరింపులు, అంకెలు, రంగులు, వారాల పేర్లు వచ్చేస్తాయి. ఆ తర్వాత రోజుకు ఇరవై పదాలు నోట్‌బుక్‌లో రాసుకోవడం, వారం తిరిగేసరికి వాటిలో సగానికి పైగా మరచిపోవడం మొదలవుతుంది. ‘నాకు జ్ఞాపకశక్తి తక్కువ’ అని మనకు మనమే తీర్పు చెప్పుకుంటాం. పుస్తకం అటకెక్కుతుంది.

ఆ తీర్పును ఒప్పుకోకండి. జ్ఞాపకశక్తికి మీరు పెట్టిన పనే తప్పు పని. ఒకదానితో ఒకటి సంబంధం లేని వంద పదాలను మోయమంటే ఏ బుర్రయినా దించేస్తుంది. అవే వంద పదాలు పది కుటుంబాలుగా వస్తే సులువుగా మోస్తుంది. చేలో రాలిన గింజలను ఒక్కొక్కటిగా ఏరేవాడికీ, కంకిని కోసి ఒడిలో వేసుకునేవాడికీ మధ్య ఎంత తేడా ఉందో, విడి పదాలు బట్టీ పట్టేవాడికీ పదాల అల్లిక చూసేవాడికీ మధ్య అంత తేడా ఉంది.

ఆ అల్లిక కళ్లకు కట్టినట్టు కనిపించే భాషల్లో వెల్ష్ ఒకటి. అందులో నామవాచకాల కొసలను గమనించడం నేర్చుకుంటే పదసంపద ఎలా పెరుగుతుందో చూద్దాం. వెల్ష్ నేర్చుకునేవారికి ఇది నేరుగా పనికొస్తుంది. మరో భాష నేర్చుకుంటున్నవారు ఇందులోని పద్ధతిని తీసుకోవచ్చు.

ఎక్కడి భాష, మనకెందుకు?

బ్రిటన్ దీవికి పడమటి వైపున ఉన్న వేల్స్ దేశపు సొంత భాష వెల్ష్. వాళ్లు దాన్ని ‘కమ్రాయ్‌గ్’ అంటారు. 2021 జనాభా లెక్కల ప్రకారం మూడేళ్లు, ఆపై వయసున్నవారిలో సుమారు 5,38,000 మంది, అంటే 17.8 శాతం మంది ఈ భాష మాట్లాడగలరు. ఈ సంఖ్యను 2050 నాటికి పది లక్షలకు చేర్చాలని వేల్స్ ప్రభుత్వం లక్ష్యం పెట్టుకుంది. పిల్లలు మాత్రమే నేర్చుకుంటే ఆ లెక్క అందదు. ఉద్యోగాలు చేసుకుంటున్న పెద్దవాళ్లు, బయటి దేశాల నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు కూడా నేర్చుకోవాలి.

వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. కార్డిఫ్, స్వాన్సీలలో చదువుకునే విద్యార్థులు, అక్కడ ఉద్యోగాలు చేసుకునే కుటుంబాలు రోజూ ఈ భాషను బోర్డుల మీద చూస్తూనే ఉంటారు. వేల్స్‌లోని ప్రభుత్వ బడుల్లో పదహారేళ్ల వయసు దాకా వెల్ష్ తప్పనిసరి పాఠం. బిడ్డ బడి నుంచి తెచ్చిన పదం అమ్మానాన్నలకు తెలియకపోతే ఆ పదం ఇంట్లో ఒంటరిదవుతుంది. కొసల కిటుకు తెలిస్తే బిడ్డతో పాటు మీరూ నాలుగు అడుగులు వేయగలరు.

మీకు ఇప్పటికే వచ్చిన విద్య

ఇదేదో భాషాశాస్త్రం అని బెదరకండి. తెలుగులో మీరు రోజూ చేస్తున్న పనే. ‘మంచితనం’, ‘చిన్నతనం’, ‘గొప్పతనం’ అన్న మాటలు మీరు విడివిడిగా నేర్చుకోలేదు. ‘తనం’ అంటే గుణం, స్థితి అని మీ చెవికి తెలుసు. ‘ఆటగాడు’, ‘వేటగాడు’, ‘పాటగాడు’ విన్నాక ‘మాటగాడు’ అంటే ఎవరో మరొకరు వివరించనక్కర్లేదు. ‘పాఠశాల’, ‘గోశాల’, ‘భోజనశాల’ తెలిసినవాడికి ‘నాట్యశాల’ బోర్డు కొత్తగా ఉండదు.

వెల్ష్‌లోనూ ఇంతే. పైగా వెల్ష్ కొస మనకు ఇంకా ఎక్కువ ఇస్తుంది. ఒక్క కొస తెలిస్తే నాలుగు సంగతులు తెలుస్తాయి.

మొదటిది అర్థం: ఆ మాట చోటా, మనిషా, గుణమా, పనిముట్టా అన్నది. రెండోది లింగం. వెల్ష్‌లో ప్రతి నామవాచకమూ పుంలింగమో స్త్రీలింగమో అయి తీరాలి, ఆఫీసైనా సరే, కంప్యూటరైనా సరే. మూడోది బహువచనం. వెల్ష్ బహువచనాలు చాలా రకాలు. కొస తెలిస్తే ఏ రకమో తెలుస్తుంది. నాలుగోది మాట మొదటి అక్షరం మారుతుందా లేదా అన్నది. నేర్చుకునేవారిని ఎక్కువగా తికమకపెట్టేది ఈ నాలుగోదే. కొస తెలిసినవారికి ఆ తికమకలో సగం తగ్గుతుంది.

పలకడం గురించి రెండు మాటలు: వెల్ష్ ధ్వనులను తెలుగు లిపిలో దగ్గరగా మాత్రమే చూపగలం. ఇక్కడ ‘హ్ల’ అని రాసినచోట నాలుకను ‘ల’ పలికే చోట ఆనించి, గొంతు కదపకుండా పక్కల నుంచి గాలి ఊదాలి. ‘ఖ్’ అన్నది గొంతులో గీరినట్టు వచ్చే ధ్వని. మిగతావి రాసినట్టే చదవండి.

చోటును చెప్పే కొసలు

అన్నిటికన్నా ముందు నేర్చుకోవలసింది ‘వ’ అనే కొస. చోటు అన్న అర్థమున్న ‘మ’ అనే పాత మాట నుంచి వచ్చింది. ‘సుయ్ద్’ అంటే ఉద్యోగం; ‘సుయ్ద్‌వ’ అంటే ఆఫీసు. ‘మెదిగ్’ అంటే డాక్టరు. ‘మెదగ్‌వ’ అంటే డాక్టరు రోగులను చూసే చోటు. ‘డెర్‌బిన్’ అంటే అందుకోవడం, స్వాగతించడం. ‘డెర్‌బన్‌వ’ అంటే రిసెప్షన్. ‘అహ్లన్’ అంటే బయటికి. ‘అహ్లన్‌వ’ అంటే బయటికి వెళ్లే దారి. ‘వెళ్లడం’ అనే మాటకు పాత రూపమైన ‘మనెడ్’ నుంచి వచ్చిన ‘మనెడ్‌వ’ ప్రవేశ ద్వారం. ‘మెయ్‌థ్రిన్’ అంటే పెంచి పోషించడం. ‘మెయ్‌థ్రిన్‌వ’ పసిపిల్లలను చూసుకునే కేంద్రం.

ఈ మాటలనే ముందు చెప్పడానికి కారణం ఉంది. వేల్స్‌లో వీటిని నేర్చుకోవడానికి పుస్తకం అక్కర్లేదు. ప్రభుత్వ సేవల్లో వెల్ష్‌ను ఇంగ్లీషుతో సమానంగా చూడాలని 1993 చట్టం చెప్పింది. 2011 చట్టం దానికి అధికార హోదా ఇచ్చింది. ఆ చట్టాల ఫలితంగా ఆసుపత్రి గుమ్మం, పోస్టాఫీసు, రైల్వే స్టేషను, లైబ్రరీ అన్నీ రెండు భాషల్లో మాట్లాడతాయి. నడిచే దారిలో ‘వ’తో ముగిసే మాటలు వెతకడం మొదలుపెడితే వీధే పాఠ్యపుస్తకమవుతుంది.

ఇప్పుడు కొస ఇచ్చే మిగతా మూడు సంగతులు చూడండి. ఈ ‘వ’ కొసతో ఏర్పడిన మాటలు స్త్రీలింగాలు. వెల్ష్‌లో ‘ఆ, ఫలానా’ అని చెప్పే ‘అ’ అనే చిన్న మాట ముందు చేరితే, ఏకవచన స్త్రీలింగ పదం మొదటి అక్షరం చాలాసార్లు మెత్తబడుతుంది. అందుకే ‘మెదగ్‌వ’ కాస్తా ‘అ వెదగ్‌వ’ అవుతుంది. ‘డెర్‌బన్‌వ’ కాస్తా ‘అ దెర్‌బన్‌వ’ అవుతుంది. ‘మెదిగ్’ పుంలింగం కాబట్టి ‘అ మెదిగ్’గానే ఉంటుంది. రెండు అనడానికి పుంలింగానికి ‘డై’, స్త్రీలింగానికి ‘డుయ్’ వాడాలి కాబట్టి రెండు ఆఫీసులు ‘డుయ్ సుయ్ద్‌వ’. ఇక బహువచనంలో ఈ కొస తరచుగా ‘వెయ్‌ద్’ అవుతుంది: ‘సుయ్ద్‌వెయ్‌ద్’, ‘మెదగ్‌వెయ్‌ద్’. ఒక్క కొస నేర్చుకున్నారు, పది మాటల వ్యాకరణం చేతికొచ్చింది.

ఇంకో లాభం కూడా ఉంది. మ్యూజియాన్ని ‘అమ్‌గీద్‌వ’ అంటారు. ముందు భాగానికి అర్థం తెలియకపోయినా ఇది ఒక చోటు, స్త్రీలింగం అన్నంతవరకు మీకు తెలిసిపోయింది. సగం తెలిసిన మాట గుర్తుండే అవకాశం పూర్తిగా తెలియని మాట కన్నా ఎంతో ఎక్కువ.

చోటును చెప్పే ఇంకో కొస ‘టి’. ఇల్లు అన్న అర్థమున్న ‘టీ’ నుంచి వచ్చింది. ‘బుయ్‌డ్’ అంటే తిండి. ‘బుయ్‌టి’ అంటే భోజన హోటలు. ‘గ్వెస్టి’ అంటే బస చేసే హోటలు. ‘అస్‌బటి’ ఆసుపత్రి. ‘పోబి’ అంటే రొట్టె కాల్చడం. ‘పోప్‌టి’ అంటే ఓవెన్. ఇల్లు పుంలింగం కాబట్టి ఇవన్నీ పుంలింగాలే. ఇళ్లు ‘టై’ కాబట్టి భోజన హోటళ్లు ‘బుయ్‌టై’.

గది అన్న అర్థమున్న ‘కెహ్ల్’ను కూడా చూడండి. ‘హ్లివర్’ అంటే పుస్తకం. రెండూ కలిస్తే ‘హ్లవర్‌గెహ్ల్’, గ్రంథాలయం. ‘ఓయ్ర్’ అంటే చల్లన. ‘ఓయ్ర్‌గెహ్ల్’ అంటే ఫ్రిజ్. ‘క’ ఎందుకు ‘గ’ అయింది? తెలుగువాడు ఈ ప్రశ్నకు తడుముకోనక్కర్లేదు. కూర, కాయ కలిస్తే కూరగాయ. తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు. బడిలో చదివిన గసడదవాదేశ సంధిలో పరుషాలు మెత్తబడినట్టే వెల్ష్‌లోనూ క గ అవుతుంది, ట డ అవుతుంది, ప బ అవుతుంది. ఇతరులు ముక్కున వేలేసుకునే ఈ మార్పు మన నోటికి పుట్టుకతోనే తెలుసు. ఆ ధైర్యంతో ముందుకు వెళ్లండి.

మనిషిని చెప్పే కొసలు

పని చేసేవాడిని చెప్పడానికి వెల్ష్‌లో రెండు కొసలు బాగా వాడతారు. ఒకటి ‘ఉర్’. పురుషుడు అన్న అర్థమున్న ‘గూర్’ నుంచి వచ్చింది. ‘ఫెర్మ్’ పొలం, ‘ఫెర్‌ముర్’ రైతు. ‘షోప్’ దుకాణం, ‘షోపుర్’ దుకాణదారు. ‘గర్రి’ బండి నడపడం, ‘గర్రుర్’ డ్రైవరు. ‘గ్వెయ్‌థ్యో’ పనిచేయడం, ‘గ్వెయ్‌థ్యుర్’ కార్మికుడు. బహువచనంలో ‘ఉర్’ స్థానంలో ‘విర్’ వస్తుంది: ఒక డ్రైవరు ‘గర్రుర్’, పలువురు ‘గర్‌విర్’.

రెండోది ‘ఇద్’. ‘కవ్‌యెయ్‌థి’ అనువదించడం, ‘కవ్‌యెయ్‌థిద్’ అనువాదకుడు. ‘గొలగి’ సంపాదకత్వం చేయడం, ‘గొలగిద్’ సంపాదకుడు. ‘డర్‌హ్లెన్’ చదవడం, ‘డర్‌హ్లెనిద్’ పాఠకుడు. ‘పెయ్‌ర్యంట్’ యంత్రం, ‘పెయ్‌ర్యనిద్’ ఇంజినీరు. మన ఇళ్లలో ఇంజినీర్లకు కొదవ లేదు కాబట్టి ఈ మాట మొదటిరోజే నేర్చుకోవచ్చు. స్త్రీలకు ‘ఎస్’ చేర్చే అలవాటూ ఉంది: ‘ఆథ్రో’ ఉపాధ్యాయుడు, ‘అథ్రావెస్’ ఉపాధ్యాయురాలు.

ఈ కుటుంబంలో మీకు బాగా కావలసిన మాటలు రెండున్నాయి. నేర్చుకోవడం ‘డస్‌గి’, నేర్చుకునేవాడు ‘డస్‌గుర్’. మాట్లాడడం ‘షారడ్’, మాట్లాడేవాడు ‘షరాడుర్’. వేల్స్‌లో ఏటా జరిగే జాతీయ సాహిత్య, సంగీత ఉత్సవం ఐస్టెద్‌వోడ్‌లో ఆ ఏటి ఉత్తమ ‘డస్‌గుర్’ను ఎంచి సత్కరిస్తారు. కవులకు పట్టం కట్టే ఉత్సవంలోనే భాష నేర్చుకుంటున్న మనిషికీ గౌరవం దక్కుతుంది. నేర్చుకునేవాడిని అంత మన్నించే సమాజంలో తప్పు మాట్లాడతానేమోనని నోరు కట్టుకోవడం అనవసరం.

గుణాన్ని చెప్పే కొసలు

మనసులోని మాట చెప్పాలంటే గుణాల పేర్లు కావాలి. విశేషణానికి కొస తగిలిస్తే గుణం పేరు తయారవుతుంది. మన ‘తనం’ చేసే పనిని వెల్ష్‌లో కొన్ని కొసలు పంచుకుంటాయి.

‘రుయ్ద్’ వాటిలో ముఖ్యమైనది. ‘హపిస్’ సంతోషమైన, ‘హపిస్‌రుయ్ద్’ సంతోషం. ‘కరెడిగ్’ దయగల, ‘కరెడిగ్‌రుయ్ద్’ దయ. ‘ఉఖ్’ ఇంకొకటి. ‘టావెల్’ నిశ్శబ్దమైన, ‘టవెలుఖ్’ నిశ్శబ్దం. ‘హర్ద్’ అందమైన, ‘హర్దుఖ్’ అందం. ‘టవిహ్ల్’ చీకటిగా ఉన్న, ‘టవహ్లుఖ్’ చీకటి. కొలతలకూ కొన్ని గుణాలకూ ‘డెర్’ లేదా ‘టెర్’ వస్తుంది. ‘పెహ్ల్’ దూరమైన, ‘పెహ్ల్‌టెర్’ దూరం. ‘కవ్‌లిమ్’ వేగమైన, ‘కవ్‌లమ్‌డెర్’ వేగం. ‘బల్ఖ్’ గర్వించే, ‘బల్ఖ్‌డెర్’ గర్వం. ‘ని’ అనే కొస కూడా ఉంది: ‘ఓయ్ర్’ చల్లని, ‘ఓయ్ర్‌ని’ చలి. ఇవన్నీ పుంలింగాలు. అంటే ‘అ’ ముందు చేరినా మొదటి అక్షరం మారదు.

ఏ విశేషణానికి ఏ కొస అన్నది వాడుక తేలుస్తుంది. తెలుగులోనూ అంతే కదా! మంచికి ‘తనం’, పేదకు ‘రికం’ అంటాం, ఎందుకో చెప్పలేం. వినగా వినగా అలవాటవుతుంది. మాట్లాడేటప్పుడు సరైన కొస తట్టకపోయినా బాధలేదు. చదివేటప్పుడు, వినేటప్పుడు గుర్తుపట్టగలిగితే అదే పెద్ద లాభం.

ఒక చిన్న మెలిక ఉంది. కొస చేరినప్పుడు మూలంలోని అచ్చు మారవచ్చు. ‘డూవ్న్’ లోతైన, ‘డవ్న్‌డెర్’ లోతు. ‘ట్లౌడ్’ పేద, ‘ట్లోడి’ పేదరికం. ‘గ్వాన్’ బలహీనమైన, ‘గ్వెండిడ్’ బలహీనత. మన ‘రాయి’ బహువచనంలో ‘రాళ్లు’ అయినట్టే ఇక్కడా మాట ఒళ్లు విరుచుకుంటుంది. ఈ మార్పులు కూడా మళ్లీ మళ్లీ అవే వస్తాయి. నాలుగైదు జంటలు పక్కపక్కన రాసి చూస్తే కన్ను పట్టేస్తుంది.

చదువు, పనిముట్లు, పనులు

మిగతా కొసలను వేగంగా చూద్దాం. ‘అయ్‌థ్’, ‘యయ్‌థ్’ విద్యలకూ కళలకూ వస్తాయి. ‘బార్ద్’ కవి, ‘బర్దోన్యయ్‌థ్’ కవిత్వం. ‘కెర్ద్’ పాట, ‘కెర్దోర్యయ్‌థ్’ సంగీతం. ‘డయ్యర్’ భూమి, ‘డయ్యరద్యయ్‌థ్’ భూగోళశాస్త్రం. ఇవి ఎక్కువగా స్త్రీలింగాలు. ‘ఎగ్’ భాషల పేర్లకూ కొన్ని శాస్త్రాలకూ వస్తుంది. ‘సయ్‌స్‌నెగ్’ ఇంగ్లీషు, ‘ఫ్రాంగెగ్’ ఫ్రెంచి. ‘ఫిసెగ్’ భౌతికశాస్త్రం, ‘కెమెగ్’ రసాయనశాస్త్రం.

నాకు ఎంతో ఇష్టమైన కొస ‘యాడిర్’. ‘గైర్’ అంటే మాట, ‘గెయ్‌ర్యాడిర్’ నిఘంటువు. ‘డీద్’ అంటే రోజు; ‘డద్యాడిర్’ డైరీ. ‘హోలి’ ప్రశ్నించడం, ‘హోల్యాడిర్’ ప్రశ్నావళి. ‘కవ్‌రివ్’ లెక్కించడం, ‘కవ్‌రివ్యాడిర్’ కంప్యూటరు. ఇంగ్లీషు పక్కనే శతాబ్దాలుగా బతుకుతున్న ఈ భాష కొత్త యంత్రం వచ్చినప్పుడు తన సొంత కొసను బయటికి తీసి దానికి పేరు పెట్టుకుంది. ఇవి పుంలింగాలు. బహువచనానికి ‘ఓన్’ చేరుతుంది: ‘గెయ్‌ర్యాడిర్’ బహువచనం ‘గెయ్‌ర్యడీరోన్’.

జరిగిన పనికి పేరు కావాలంటే ‘యడ్’. ‘పెండెర్‌వని’ నిర్ణయించడం, ‘పెండెర్‌వన్యడ్’ నిర్ణయం. అనువదించడం నుంచి ‘కవ్‌యెయ్‌థ్యడ్’, అనువాదం. ఇక ‘ఐడ్’ చేరిస్తే నిండుగా పట్టినంత అని అర్థం. ‘హ్లుయ్’ చెంచా, ‘హ్లుయైడ్’ చెంచాడు. ‘డూర్న్’ పిడికిలి, ‘డర్నైడ్’ పిడికెడు. కప్పును చెప్పే ‘కుపన్’ నుంచి వచ్చిన ‘కుపానైడ్’ వాడుకలో అరిగి ‘పనెడ్’ అయింది. వేల్స్‌లో ఏ ఇంటికి వెళ్లినా మొదట వినిపించే మాట అది, కప్పు టీ తాగుతారా అని. చెంచాడు, పిడికెడు, గుప్పెడు అనే మనకు ఈ కొస చుట్టమే.

ఒకటిని విడదీసే కొసలు

ఇప్పటిదాకా చూసినవి మనకు తెలిసిన దారులే. ఇది మాత్రం కొత్త దారి. కొన్ని మాటలకు వెల్ష్‌లో గుంపే మూలం. ‘కోయ్‌డ్’ అంటే చెట్లు. ఒక చెట్టు కావాలంటే దానికి ‘ఎన్’ చేర్చాలి: ‘కోయ్‌డెన్’. ‘సేర్’ నక్షత్రాలు, ‘సెరెన్’ ఒక నక్షత్రం. ‘టటుస్’ బంగాళాదుంపలు, ‘టటెన్’ ఒక దుంప. ఇంకొన్నిటికి ‘ఇన్’ చేరుతుంది. ‘అడర్’ పక్షులు, ‘అడెరిన్’ ఒక పక్షి. ‘పస్‌గోడ్’ చేపలు, ‘పస్‌గోడిన్’ ఒక చేప. ‘ప్లాంట్’ పిల్లలు, ‘ప్లెంటిన్’ ఒక బిడ్డ.

మనకు వడ్లు, పెసలు గుంపుగానే నోట వస్తాయి. ఒక్కటే కావాలంటే ‘వడ్ల గింజ’ అని మరో మాట చేరుస్తాం. వెల్ష్ అదే పనిని చిన్న కొసతో చేస్తుంది. ‘ఎన్’ స్త్రీలింగం, ‘ఇన్’ పుంలింగం. అందుకే ఆ చెట్టు ‘అ గోయ్‌డెన్’ అవుతుంది, ఆ పక్షి ‘అర్ అడెరిన్’ అవుతుంది. అచ్చు ముందు ‘అ’కు ‘ర్’ తోడవుతుంది. ఈ జంటలను నేర్చుకునేటప్పుడు గుంపు మాటను ముందు, ఒంటరి మాటను తర్వాత రాయండి. తలకిందులుగా రాస్తే తికమక తప్పదు.

మామూలు బహువచనాల్లోనూ గుంపులున్నాయి. పుస్తకాలు ‘హ్లవ్రై’ అన్నట్టు ‘ఐ’ కొస విస్తారంగా కనిపిస్తుంది. చాలా జంతువుల పేర్లకు ‘ఓడ్’ వస్తుంది: పిల్లి ‘కాథ్’, పిల్లులు ‘కాథోడ్’, ఏనుగులు ‘ఎలిఫాంటోడ్’. కొన్ని మాటలకు కొస ఏదీ చేరదు, లోపలి అచ్చే మారుతుంది: కోట ‘కస్టెహ్ల్’, కోటలు ‘కెస్టిహ్ల్’. ఇలాంటివాటిని విడిగా ఒక పేజీలో రాసుకోండి.

కొస మోసం చేసినప్పుడు

సూత్రం దొరికిన ఉత్సాహంలో చాలామంది ఒక పొరపాటు చేస్తారు. ప్రతి మాటకూ దాన్ని తగిలిస్తారు. ‘డూర్’ అంటే నీళ్లు. చివర ‘ఉర్’ లాంటి ధ్వని ఉన్నంత మాత్రాన అది మనిషి కాదు. ‘మనిద్’ కొండ, ‘ఇద్’ ఉన్నా అది పని చేసేవాడు కాదు. ‘కొలెగ్’ కాలేజీ, భాష కాదు. ‘బఖ్‌గెన్’ చివర ‘ఎన్’ ఉన్నా అర్థం అబ్బాయి, పుంలింగమే. వేల్స్‌కు పేరు తెచ్చిన వాద్యం హార్ప్‌ను ‘టెలిన్’ అంటారు. ‘ఇన్’ ఉన్నా స్త్రీలింగం. ‘అయ్‌థ్’ మాటలు ఎక్కువగా స్త్రీలింగాలైనా, సేవ అనే ‘గ్వసానయ్‌థ్’ పుంలింగం.

దీనికి ఒక పరీక్ష ఉంది. కొసను తీసేసి మిగిలిందేమిటో చూడండి. ‘గర్రుర్’లో ‘ఉర్’ తీస్తే బండి నడపడం కనిపిస్తుంది. ‘డూర్’లో తీస్తే ఏమీ మిగలదు. తెలిసిన మూలం మిగిలితే అది నిజమైన కొస. మిగలకపోతే అది ధ్వని పోలిక మాత్రమే. ఈ పరీక్ష చాలా మోసాలను పట్టిస్తుంది. మిగిలినవాటికి నిఘంటువు ఉంది. వేల్స్ విశ్వవిద్యాలయపు చారిత్రక నిఘంటువుకు 1921లో పని మొదలైంది, 2002లో తొలి ముద్రణ పూర్తయింది. ఎనభై ఏళ్ల ఆ శ్రమఫలం ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. మాట మూలం, లింగం, బహువచనం అన్నీ అందులో ఉన్నాయి. వాడుకోండి.

పన్నెండు వారాల ప్రణాళిక

ఒకటి: వారానికి ఒక కొస మాత్రమే. ఎక్కువ పెట్టుకోవద్దు. మొదటి వారం ‘వ’, రెండో వారం ‘ఉర్’, మూడో వారం ‘ఇద్’, నాలుగో వారం ‘రుయ్ద్’, ఇలా వాడుక ఎక్కువున్న క్రమంలో వెళ్లండి. వారానికి పది మాటలు చొప్పున పన్నెండు వారాల్లో నూట ఇరవై అవుతాయి. వాటి వెనకున్న మూల పదాలు కలిస్తే చేతిలో రెండువందలకు పైగా మాటలు ఉంటాయి.

రెండు: నోట్‌బుక్‌ను అక్షర క్రమంలో రాయకండి. కొసకు ఒక పేజీ ఇవ్వండి. పేజీలో నాలుగు గడులు గీయండి: మూలం, పూర్తి మాట, ‘అ’ చేరిన రూపం, బహువచనం. నాలుగు గడులూ నిండితేనే ఆ మాట మీదైనట్టు.

మూడు: ముందు ఊహించండి, తర్వాతే నిఘంటువు తెరవండి. కొత్త మాట కనిపించగానే కొస వేరుచేసి, అర్థం ఏమై ఉంటుందో పైకి చెప్పండి. ఊహ నిజమైతే ఆ ఆనందం మాటను మనసుకు అంటిస్తుంది. తప్పైతే ఆ ఆశ్చర్యమూ అంటిస్తుంది. ఊహించకుండా చూసిన అర్థం మాత్రం అలా నిలవదు.

నాలుగు: మూలం నుంచి కొసకు, కొస నుంచి మూలానికి, రెండు వైపులా సాధన చేయండి. ‘డాక్టరు తెలుసు, డాక్టరు కూర్చునే చోటు ఏమిటి?’ అని అడగండి. ‘ఈ చోటు తెలుసు, ఇందులోని మనిషి ఎవరు?’ అనీ అడగండి. ఇంట్లో పిల్లలుంటే భోజనాల దగ్గర దీన్ని ఆటగా ఆడవచ్చు. బడిలో రోజూ వింటారు కాబట్టి వాళ్లే గెలుస్తారు. గెలవనివ్వండి. అమ్మానాన్నలకు నేర్పిన మాటను పిల్లలు జన్మలో మరచిపోరు.

ఐదు: రోజూ మూడు మాటలైనా నోట పలకాలి, అదీ వాక్యంలో. పేజీలో ఉన్న మాట చదవడానికి పనికొస్తుంది. మనిషితో మాట్లాడడానికి నోటికి అలవాటైన మాట కావాలి. వేల్స్‌లో ఉంటే దుకాణంలో, బస్సులో, రిసెప్షన్ బల్ల దగ్గర వాడండి. దూరంగా ఉంటే 1982 నుంచి ప్రసారాలు చేస్తున్న వెల్ష్ టీవీ చానల్ ఎస్‌ఫోర్‌సీ కార్యక్రమాల్లో నేర్చుకున్న కొసలు వినిపిస్తున్నాయేమో చెవి పెట్టండి.

ఈ అలవాటు భాషకే పరిమితం కాదు

కొత్త ఉద్యోగంలో చేరినవాడు మొదటి నెలలో వంద నియమాలు విని కంగారుపడతాడు. వాటిలో ఎన్నిటికి ఒకే కారణం ఉందో వెతికేవాడు త్వరగా కుదురుకుంటాడు. పరీక్షకు చదివే విద్యార్థి రెండువందల లెక్కలు చేస్తాడు. ఆ రెండువందలూ ఎన్ని రకాలో లెక్కపెట్టినవాడు పరీక్ష గదిలో కొత్త లెక్కకు బెదరడు. విడివిడిగా కనిపించేవాటిలో ఉమ్మడి తీరును చూడడం, దాని మీద భరోసాతో ఊహ చేయడం, ఊహను సరిచూసుకోవడం, లొంగనివాటిని గౌరవంగా పక్కన రాసుకోవడం. ఈ నాలుగూ ఎవరైనా సాధన చేయగల పనులు. పుట్టుకతో వచ్చే తెలివి కోసం ఎదురుచూడనక్కర్లేదు.

ఇందులో వినయానికీ చోటుంది. తీరు దొరికింది కదా అని భాషంతా వచ్చేసిందనుకునేవాడు ‘బఖ్‌గెన్’ దగ్గర తడబడతాడు. మినహాయింపు ఎదురైనప్పుడు చిరాకుపడకుండా, దాన్ని పద్ధతిగా రాసుకునేవాడి పదసంపద నిలకడగా పెరుగుతుంది. ధైర్యంగా ఊహించడం, నిజాయితీగా దిద్దుకోవడం కలిసి నడిస్తే ఏ చదువైనా ముందుకు సాగుతుంది.

ఒక చిన్న దేశం తన భాషను బతికించుకోవడానికి కొత్తగా నేర్చుకునే ప్రతి గొంతునూ లెక్కలోకి తీసుకుంటోంది. ఆ గొంతుల్లో మీదీ ఉండవచ్చు. ఈ సాయంత్రం ఒక పేజీ తీసి పైన ‘వ’ అని రాయండి. ఈ వ్యాసంలోంచే ఆరు మాటలు దింపుకోండి, నాలుగు గడులు నింపండి, మూడింటిని పైకి పలకండి. వారం తర్వాత ఆ పేజీ మూసి ‘ఉర్’ పేజీ తెరవండి. నేర్చుకునేవారి నుంచి మాట్లాడేవారిగా మారడానికి ఇంతకన్నా దగ్గరి దారి నాకు తెలియదు.